అకాలం అనే మాట

మొన్న మార్చి నెలలో ఓ సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టి జోరున వాన కురిసింది. మా పక్కింటావిడ డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగుతూ, "హమ్మయ్య, చల్లబడింది వదినా! వేడి వేడిగా బజ్జీలు వేద్దామా?" అన్నారు. లోపల రేడియోలో వార్తలు వస్తున్నాయి. "అకాల వర్షాలకు కల్లాల్లో మిర్చి తడిసింది" అని చదువుతున్నారు. ఆవిడ విని, "వానకు కూడా కాలం, అకాలం ఉంటాయేమిటి? పడితే మంచిదేగా!" అన్నారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. పట్నంలో ఉన్న మనకు వాన అంటే చల్లదనమే. నా పుట్టిల్లు టేకులపల్లి. ఇల్లెందుకు దగ్గర, ఖమ్మం నుంచి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోటు. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. మార్చిలో వాన పడితే అక్కడ ఎవరూ బజ్జీలు వెయ్యరు. ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని కల్లానికి పరుగెడతారు. ఎర్రగా ఆరబోసిన మిరపకాయ ఒక్కసారి తడిసిందా, రంగు పోతుంది, బూజు పడుతుంది. ఖమ్మం మార్కెట్టులో దాన్ని తాలు కింద జమకట్టి సగం ధర కూడా ఇవ్వరు. ఏడాది కష్టం గంట వానలో కొట్టుకుపోతుంది. అందుకని అక్కడివాళ్ళకు 'అకాలం' వార్తల్లో మాట కాదు, అప్పుల్లో మాట.

ఆ రాత్రంతా ఈ మాట గురించే ఆలోచించాను. మనం రోజూ వాడుతూనే ఉంటాం గాని, ఎక్కడ వాడుతున్నాం, ఎక్కడ వాడకూడదు అని ఎప్పుడైనా చూసుకున్నామా? ఇవాళ మీతో ఆ ముచ్చటే చెప్పాలనుకుంటున్నాను.

మాట సంస్కృతానిది. కాలానికి ముందు 'అ' చేరితే అకాలం. కాలం లేకపోవడం అని కాదు, తగిన కాలం కాకపోవడం అని అర్థం. వేళ కాని వేళ తింటే అకాల భోజనం. కాళిదాసు కుమారసంభవం మూడో సర్గలో శివుడు తపస్సు చేసే వనంలోకి మన్మథుడి వెంట వసంతం రాకూడని సమయంలో వచ్చేస్తుంది. అది అకాల వసంతం. బెంగాలువాళ్ళు శరత్తులో చేసే దుర్గాపూజకు 'అకాల బోధన' అని పేరుంది. అమ్మవారిని మేలుకొలపవలసింది వసంతంలోనట, రాముడు యుద్ధం కోసం ఆశ్వయుజంలోనే మేలుకొలిపాడని వాళ్ళ నమ్మకం.

ఇదే మాట ఇల్లు మారితే అర్థం మార్చుకుంటుంది చూడండి. హిందీలో, బెంగాలీలో 'అకాల్' అంటే కరువు. మృణాల్ సేన్ 1980లో తీసిన 'అకాలేర్ సంధానే' సినిమా పేరుకు 'కరువును వెతుకుతూ' అని అర్థం. 1943 నాటి బెంగాలు కరువు దాని కథావస్తువు. పంజాబుకు వెళితే అకాల్ అంటే సాక్షాత్తూ దేవుడు, కాలానికి అతీతుడు. 17వ శతాబ్దం మొదట్లో గురు హరగోవింద్ అమృతసర్‌లో నెలకొల్పిన పీఠం పేరు అకాల్ తఖ్త్. ఒకచోట ఆకలి, ఒకచోట దేవుడు. మన దగ్గరేమో 'ఇంకా వేళ కాకుండానే' అని.

ఎందుకంటే, మాటకు ముందూ వెనకా రెండర్థాలూ ఉన్నా, తెలుగువాళ్ళ నోట ఎక్కువగా అది 'ముందే జరిగిపోయింది' అనే చెబుతుంది. తొంభై ఏళ్ళు నిండి పోయినవాళ్ళను ఏమంటాం? 'కాలం చేశారు' అంటాం. ఎంత నిండైన మాటో గమనించారా? తమ వంతు కాలాన్ని పూర్తిచేసి వెళ్ళారన్నమాట. అదే పాతికేళ్ళ కుర్రవాడు పోతే, 'అకాల మరణం' అంటాం. గుళ్ళో తీర్థం ఇచ్చేటప్పుడు అర్చకులు చెప్పే శ్లోకంలో మొట్టమొదట పోగొట్టమని కోరేది అకాల మృత్యువునే. మృత్యువే వద్దని ఎవరూ కోరలేదు. వేళ కాకుండా రావద్దని కోరారు. మన పెద్దల వివేకం అలాంటిది.

ఇక అచ్చతెలుగులోకి వద్దాం. మంచి ముందు వేరు, చెడ్డ ముందు వేరు అని మన భాషకు తెలుసు. 'పెందరాళే లేచింది' అంటే మెచ్చుకోలు. 'తొందరపడింది' అంటే నింద. పెరగకుండానే పెద్దమాటలు మాట్లాడే పిల్లవాణ్ణి 'పిందెలోనే పండిపోయాడు' అంటాం. పిందె పండితే చూడ్డానికి పసుపు పచ్చగానే ఉంటుంది. లోపల గుజ్జూ ఉండదు, టెంకా ఉండదు, మొలకెత్తే విత్తూ ఉండదు. పుట్టని బిడ్డకు పేరుపెట్టే తొందరను ఎగతాళి చేస్తూ 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నారు. వేళ కాని వేళ కాసినా ఆదరించేది ఒక్క పునాస మామిడినే. వేసవి మధ్యలో పడే చిన్న జల్లులను కూడా మామిడి జల్లులని ముద్దుగా పిలుచుకుంటాం. అంటే ముందు వచ్చిందల్లా చెడ్డది కాదు, పక్వానికి రానిదాన్ని పట్టి లాగడమే చెడ్డది.

ఈ తేడా మా అడవి వైపు కోయవాళ్ళకు తెలిసినంత బాగా మనకు తెలియదేమో అనిపిస్తుంది. కొత్త మామిడికాయ, కొత్త చిక్కుడుకాయ, ఇప్పపువ్వు ఏవైనా సరే, వేల్పులకూ పెద్దలకూ పెట్టి పండుగ చేశాకనే వాళ్ళు నోట పెడతారు. పండుగను వాళ్ళు 'పండుం' అంటారు. విత్తనం చల్లడానికీ ఒక పండుగే. ఊరంతా కలిసి, వేళ అయిందని ఒప్పుకున్నాకనే ఆ పని. చిన్నప్పుడు నాకిది చాదస్తంగా కనిపించేది. చెట్టు నిండా కాయలుంటే తినడానికి పండుగెందుకని! ఇప్పుడు ఏటా ఆవకాయ పెడుతుంటే తెలిసివచ్చింది. టెంక ముదరని కాయ కొడితే ముక్క మెత్తబడి జాడీ జాడీ పాడవుతుంది. పండుగ పేరుతో వాళ్ళు కాయకు గడువిచ్చారు. ఆకలి ఉన్నచోటే ఆ నియమం పుట్టిందంటే, దాని విలువ ఇంకెంత అనుకోవాలి!

తునికాకు సంగతీ అంతే. ఫిబ్రవరి, మార్చిలో కొమ్మలు కొడితే కొత్త చిగురు వస్తుంది. అది లేత వదిలి ఆకయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో కోసి, యాభై ఆకుల చొప్పున కట్ట కట్టి కల్లంలో ఎండబెడతారు. లేతాకు కోస్తే బీడీకి పనికిరాదు. ఎండే కట్టల మీద వాన పడితే మచ్చ పడుతుంది. మొదటిది మనిషి తొందర, రెండోది మబ్బు తొందర. నష్టం ఒకటే గాని, తప్పు ఒకటి కాదు.

మా ఊరి పేరులోనే టేకు ఉంది. తోటల్లో పెంచిన టేకునైనా యాభై నుంచి ఎనభై ఏళ్ళు ఆగి కోయడం అటవీశాఖల వాడుక. లేతచెట్టు కొట్టితే పైనున్న తెల్లచెక్కే ఎక్కువ. లోపలి గట్టి భాగం, దాన్ని మనం 'చేవ' అంటాం, అది ఇంకా ఏర్పడి ఉండదు. చేవ లేని కర్ర గుమ్మానికి పెడితే నాలుగేళ్ళకే చెదలు పడుతుంది. చేవ అనే మాటనే మనం మనుషులకూ వాడతాం గదా. ఇప్పుడు ఆ మనుషుల దగ్గరకే వస్తున్నాను.

చెట్టును కొట్టడానికి కాలం చూసే మనవాళ్ళు ఆడపిల్లకు మాత్రం కాలం చూడలేదు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' మీలో చాలామంది చదివే ఉంటారు, లేదా సినిమా అయినా చూసి ఉంటారు. 1892లో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది. తొలి కూర్పు పీఠికలో ఆయన కొన్ని లెక్కలు ఇచ్చారు. విజయనగరం మహారాజా ఆనంద గజపతిగారు విశాఖపట్నం జిల్లాలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ పట్టిక తయారు చేయించారట. మూడేళ్ళలో తేలినవి 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. కడుపులో ఉన్న బిడ్డలకు కూడా బేరాలు జరిగేవని ఆయనే రాశారు. సోమలింగం సామెత నవ్వులకే అనుకుంటాం. పుట్టని ఆడపిల్లకు అది నిజమే అయింది.

అలా పెళ్ళయిన పిల్లలు ఎందరో ఊహ తెలియకముందే వితంతువులయ్యారు. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించడం వెనక ఉన్న దుఃఖం ఇదే. భర్త పోవడాన్ని లోకం అకాల మరణమంది. ఆ పిల్ల పెళ్ళిని మాత్రం ఎవరూ 'అకాల వివాహం' అనలేదు. పైగా 'శుభస్య శీఘ్రం' అన్నారు.

1929లో హరబిలాస్ శారదగారి చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండాలని నియమం. అది అమల్లోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. మధ్యలో ఆరు నెలలు గడువు దొరికింది. ఆ ఆరు నెలల్లో ఏం జరిగిందో తెలుసా? చట్టం రాకముందే పని కానిచ్చుకుందామని దేశమంతటా పసిపిల్లల పెళ్ళిళ్ళు గుంపులు గుంపులుగా చేసేశారు. ఆ తరవాతి 1931 జనాభా లెక్కల్లో పెళ్ళయిన చిన్నపిల్లల సంఖ్య పెరిగి కనబడింది. తొందర ఆపడానికి వచ్చిన చట్టమే ముందు మరింత తొందర పుట్టించిందన్నమాట!

చట్టం వచ్చాక కూడా దారులు వెతికారు. కాకినాడ దగ్గర యానాం అప్పుడు ఫ్రెంచివారిది, 1954 దాకా వారి పాలనలోనే ఉంది. శారదా చట్టం అక్కడ చెల్లదు. గోదావరి జిల్లాలవాళ్ళు పిల్లల్ని వెంటపెట్టుకుని అక్కడికి వెళ్ళి తాళి కట్టించుకుని వచ్చేవారు. ఆ పెళ్ళిళ్ళ మూలంగానే యానాంకు కల్యాణపురం అని పేరొచ్చింది. పేరు ఎంత శోభగా ఉందో! ఆ శోభ వెనక ఒళ్ళో నిద్రపోతున్న పెళ్ళికూతుళ్ళున్నారు.

మా వైపు యానాం దాకా వెళ్ళే అవసరమే లేకపోయింది. చట్టం బ్రిటిష్ ఇండియాకు గాని నిజాం సంస్థానానికి కాదు. గోదావరికి అవతల భద్రాచలం తాలూకా మద్రాసు రాజధానిలో ఉండేది, 1959లో గాని మా ఖమ్మం జిల్లాలో కలవలేదు. కనుక ఏటికి ఆ ఒడ్డున నేరమైనది ఈ ఒడ్డున శుభకార్యం.

మా నాయనమ్మకు తొమ్మిదో ఏట పెళ్ళి చేశారు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, అంటే 1949లో, పద్నాలుగేళ్ళకు తొలి కాన్పు. ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. "ఏడో నెల బిడ్డ నిలుస్తుంది గాని ఎనిమిదో నెల బిడ్డ నిలవదు" అని పెద్దవాళ్ళన్నారు. నిలవని బిడ్డకు పాలెందుకని చేటలో పడుకోబెట్టి గోడవార ఉంచారట. తెల్లవారేదాకా ఆ బిడ్డ సన్నగా ఏడుస్తూనే ఉందట. తెల్లవారాక ఏడుపు లేదు.

ఈ సంగతి నాయనమ్మ నాకు ఒక్కసారే చెప్పింది, ముసలితనంలో. "అకాలంలో వచ్చింది, అకాలంలోనే పోయింది" అని ముగించింది. నేను ఊరుకోక, "బిడ్డ అకాలంలో వచ్చిందా, నువ్వే అకాలంలో తల్లివయ్యావా?" అని అడిగాను. అడగకుండా ఉండవలసింది. ఆవిడ కాసేపు తలుపు వైపు చూసి, "నా కాలం నన్నెవరడిగారే?" అంది. ఆ తరవాత ఆ ప్రసంగం మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఎనిమిదో నెల మాట సంగతి మీకు తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో వినబడుతోంది. అది పూర్తిగా అబద్ధం. మన దేశంలోనే కాదు, పూర్వం గ్రీకు వైద్యులు కూడా అలాగే నమ్మారు. కడుపులో బిడ్డ గడిపిన ప్రతి వారమూ బలమే. అందుకని ఏడో నెల బిడ్డ కన్నా ఎనిమిదో నెల బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ. నిలవదని ముందే తీర్మానించి, పాలూ వెచ్చదనమూ ఇవ్వకుండా వదిలేస్తే ఏ నెల బిడ్డ నిలుస్తుంది?

ఇవాళ 37 వారాలు నిండకుండా పుట్టినవాళ్ళను నెలలు నిండని బిడ్డలంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో మన దేశంలో అలాంటి బిడ్డలు సుమారు 30 లక్షల మంది పుట్టారు. వాళ్ళకు అద్దాల పెట్టెలు కావలసిందే గాని, పెట్టె లేనిచోట కూడా ఒక ఉపాయం ఉంది. 1970 దశకం చివర కొలంబియా దేశపు బొగోటా నగరంలో పెట్టెలు చాలక అక్కడి డాక్టర్లు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా గుడ్డతో కట్టి, తల్లి పాలే పట్టించారు. కంగారూ పద్ధతి అంటారు దాన్ని. తల్లి ఒంటి వేడే బిడ్డకు పొయ్యి, తల్లి గుండె చప్పుడే జోల. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పెట్టెలున్న ఆస్పత్రుల్లో కూడా బిడ్డ పుట్టగానే ఈ పద్ధతి మొదలుపెట్టమని చెప్పింది. అక్కర్లేదని చేటలో పెట్టిన బిడ్డకు ఆ రాత్రి కావలసిన మందు మా నాయనమ్మ ఒంటి మీదే ఉంది. చెప్పేవాళ్ళే లేకపోయారు.

'నెల తక్కువ వెధవ' అని తిడుతూ ఉంటాం చూడండి, ఇకమీదట ఆ తిట్టు మానేద్దాం. నెల తక్కువైన బిడ్డ అందరికన్నా ఎక్కువ పోరాడి ఈ లోకంలో నిలిచిన బిడ్డ. అది తిట్టవలసిన విషయం కాదు.

పెళ్ళి వయసు 1978లో ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 చేశారు. 2006లో చట్టాన్ని ఇంకా గట్టిపరిచారు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు. మన తెలుగు రాష్ట్రాలు ఆ లెక్కకు కింద లేవు. ఇది ఎక్కడో అడవిలో జరిగేదని అనుకోకండి. మన ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే అమ్మాయిని అడగండి, ఆమెకు ఏ వయసులో పెళ్ళయిందో. ఆమె కూతురు ఏ తరగతి చదువుతోందో కూడా అడగండి. "మంచి సంబంధం వచ్చిందమ్మా, చేసేద్దామనుకుంటున్నాం" అంటే, చీర పెట్టి పంపించేయకండి. కూర్చోబెట్టి మాట్లాడండి. అవసరమైతే 1098కి ఫోను చేయవచ్చు, అది పిల్లల సహాయం కోసం ఉన్న నంబరు.

'వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు?' అని సామెత. నేను మాట మొదలుపెట్టింది వానతోనే, ఆ తరవాత చెప్పుకున్నది ప్రాణం గురించే. మన పెద్దలు మన చేతిలో లేనివని లెక్కపెట్టినవి సరిగ్గా ఈ రెండే. మూడోదాన్ని వాళ్ళు చేర్చలేదు. 'అకాలం' అనే మాటను ఆ రెంటికీ వదిలేద్దాం. వాటిముందు మనం చేయగలిగింది పట్టా కప్పడం, తీర్థం పుచ్చుకోవడం. మనం చేసిన పనికి మాత్రం ఆ మాట వాడొద్దు. పసిపిల్లకు పెళ్ళి చేస్తే అది అకాలం కాదు, తొందరపాటు. కాలం ఏ పిల్ల మెడలోనూ తాళి కట్టదు, మనుషులే కడతారు. తప్పు చేసినది మనమైనప్పుడు కాలం పేరు చెప్పడం న్యాయం కాదు.

ఆ సాయంత్రం మా పక్కింటావిడకు కల్లంలో మిరపకాయల సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో బట్టలు అలాగే పట్టుకుని విని, "అయ్యో, బజ్జీల మాట ఎత్తకుండా ఉండవలసింది" అన్నారు. అక్కర్లేదు వదినా, వాన ఎటూ పడింది, బజ్జీలు వేసుకుందాం రండి అన్నాను. తింటున్నంతసేపూ మాత్రం ఇద్దరం కిటికీలోంచి వాన ఎప్పుడు వెలుస్తుందా అని చూస్తూనే ఉన్నాం.